కొంగులో తవుడు

మా డిపార్టుమెంటులో నా గురించి ఒక కథ చెప్తారు. ట్రైనింగుకు వచ్చిన కొత్తవాళ్లకు సరిగ్గా టీకి ముందు చెప్తారు. విన్నవాళ్లకు కండ్లు చెమ్మగిల్లుతాయి, తర్వాత బిస్కెట్లు బాగా పోతాయి. కథ ఇదీ: కాశిబుగ్గలో ఒక తల్లి, ఆడపిల్ల పుట్టిందని పసిగుడ్డును పెంటకుప్ప మీద పారేసింది. సర్కారు కాపాడింది. అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక చదువుకున్న అమ్మాయి, అంటే నేను, ఆ తల్లి చుట్టూ ఓపికగా తిరిగి, నచ్చజెప్పి, రాతి గుండెను కరిగించి, చివరికి కోర్టులో తల్లిని బిడ్డను ఒకటి చేసింది. చప్పట్లు.

నన్ను పొగిడే కథే. అయినా ఒప్పుకోను. ఇందులో కాశిబుగ్గ నిజం, పెంటకుప్ప నిజం, కోర్టు నిజం. మిగతాదంతా ఎవరో తీరిగ్గా కూర్చుని అల్లింది. నాకు ఓపిక ఏనాడూ లేదు. ఉంటే మా అమ్మ జుట్టు అంత తొందరగా తెల్లబడేది కాదు. ఆ తల్లి గుండెను కరిగించే పని ఎవరికీ పడలేదు. ఆడపిల్ల అని ఆమె పారెయ్యలేదు. అసలు పారెయ్యనే లేదు.

మొన్నటి ట్రైనింగులో వెనక బెంచీలో కూర్చుని ఈ కథ మళ్లీ విన్నాను. లేచి నిలబడి ‘ఇది అబద్ధం’ అన్నాను. చెప్తున్న ఆఫీసరు చేతులు జోడించి ‘మేడం గారికి వినయం ఎక్కువ’ అన్నాడు. ఇన్నేండ్ల ఉద్యోగంలో నన్ను నానా మాటలూ అన్నారు. వినయం ఎక్కువన్నవాడు ఇతనొక్కడే. ఆ కోపంతోనే ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ముందు అలవాటు సంగతి చెప్పాలి, తెలియనివాళ్ల కోసం. మా వైపు పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను చాటలో పడుకోబెట్టి, తెల్లవారంగనే తీసుకుపోయి వాడకట్టు పెంట మీద పెడతారు. తల్లి వీపు తిప్పి నిలబడాలి. చూడకూడదు. తన పిల్లలు సుబ్బరంగా బతికిన ఇరుగుపొరుగు ఆడమనిషి ఒకామె ఏమీ ఎరగనట్టు అటుగా వచ్చి, ‘అయ్యో, ఎవరిదో బిడ్డ’ అని ఎత్తుకుంటుంది. అప్పుడు తల్లి ఆమె దగ్గరకు పోయి, గుప్పెడు తవుడు ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. అంతే. ఆ రోజు నుంచి అది ఆమె కన్న బిడ్డ కాదు, తవుడుకు కొన్న పరాయి బిడ్డ. ఆ ఇంటి పిల్లల కోసం వచ్చే చావు, ఇది ఈ ఇంటిది కాదని పక్క నుంచి వెళ్లిపోతుందని నమ్మకం. పెంటయ్యలు, పెంటమ్మలు ప్రతి వాడలో ఉన్నారంటే ఊరికే లేరు. మా పెద్ద మేనమామ అట్లా దొరికినవాడే. రైల్వేలో ఉద్యోగం, బుర్ర మీసాలు, ఇంటినిండా మనవలు. మా అమ్మమ్మ ఆయన్ను ఒక్కసారి ‘కొడుకా’ అని పిలవగా నేను వినలేదు. ‘ఓ పిల్లగా’ అనేది.

కాబట్టి పెంట మీద బిడ్డ దొరికిందన్న కాగితం నా బల్ల మీదికి వచ్చినప్పుడు, దాంట్లో ‘చాట’ అన్న మాట చూడగానే నాకు విషయం అర్థమైంది. పారేసేవాళ్లు చాటలో పెట్టి, కింద మెత్తటి పాతచీర పరిచి పారెయ్యరు.

అవి డెబ్బయ్యవ దశకం నడిమి రోజులు. నేను హైదరాబాదులో సోషల్ వర్కు చదివి వచ్చి, హనుమకొండలో ఒక శిశుగృహంలో ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. దొరికిన పిల్లలు, తప్పిపోయిన పిల్లలు, దెబ్బలు తిని వచ్చిన పిల్లలు అక్కడ ఉండేవాళ్లు. వాళ్లు ఎక్కడినుంచి వచ్చారో, తిరిగి అక్కడికి పంపొచ్చో లేదో తిరిగి తెలుసుకుని కోర్టుకు చెప్పడం నా పని. నేను ఉండేది మట్టెవాడలో, మా అమ్మతో. బస్సులో నిలబడటం, ఎండలో నడవటం, గడపల ముందు నిలబడటం. కూర్చున్నది తక్కువ.

ఆ మధ్యాహ్నమే కాశిబుగ్గ పోయాను. వాడకట్టు మొత్తం మగ్గాల చప్పుడు. ఆ ఇల్లు ఎవర్నీ అడగక్కర్లేకుండానే దొరికింది, చప్పుడు లేని ఇల్లు అదొక్కటే. గుంటలో మగ్గం ముందు మగమనిషి ఊరికే కూర్చుని ఉన్నాడు. గోడ పక్కన అతని భార్య రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. కండె నిండింది, అయినా తిప్పుతూనే ఉంది. నాకంటే రెండుమూడేండ్లు చిన్నదై ఉంటుంది. రవికె ముందు భాగం పాలతో తడిసి, ఎండి, మళ్లీ తడిసి ఉంది.

జరిగింది ఆమె చెప్పలేదు. పక్కింటామె చెప్పింది. ఆ రోజు బిడ్డను ఎత్తుకోవలసిన మనిషి ఈమే.

‘నల్లా వచ్చింది మేడం’ అని నెత్తి కొట్టుకుంది. ‘వచ్చినప్పుడు పట్టుకోకపోతె మల్ల రేపటిదాక రాదాయె. ఒక్క బిందె నింపుకొని ఉరుకుదామనుకున్న. ఉరికొచ్చేసరికి చాట ఉన్నది, బిడ్డ లేదు. నల్లా పాడుగాను!’

‘నల్లానెందుకు తిడ్తవు, నీ బిందెను తిట్టు’ అంది లోపలినుంచి రాట్నం తిప్పే అమ్మాయి అత్త. తర్వాత బయటికి వచ్చి మిగతాది ఆమె చెప్పింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన శానిటరీ ఇన్‌స్పెక్టరు ఆ పొద్దున చెత్త బండ్లు చూసుకుంటూ వచ్చి, కుప్ప మీద బిడ్డను చూశాడు. గబగబా ఎత్తుకుని రిక్షా ఎక్కాడు.

‘నేను ఎనకాల ఉరికిన బిడ్డా. సారూ, అది మా బిడ్డ అని ఒర్రబోయిన. నోరు మూసుకున్న. అననీకి లేదాయె! ఏం చెయ్యాలె? సారూ సారూ, అది పెంటమీది బిడ్డ అని ఒర్రిన. తెలుసమ్మా, అందుకేగా తీసుకెళ్తున్నా అన్నడు. రిక్షా పాయె.’

‘నీ కోడలు?’

‘వీపు తిప్పి నిలవడ్డది. ఎత్తుకున్నోల్లు వచ్చి పిలిచేదాక తిరగద్దు గద. బిడ్డ ఏడ్పు అటు పోతనే ఉన్నది, ఇది గట్లనే నిలవడ్డది.’

అప్పుడు రాట్నం ఆగింది. ఆమె నా వైపు తిరిగి మొదటిసారి మాట్లాడింది. కొంగు చివర ముడి ఒకటి పట్టుకుని చూపించింది.

‘తవుడు ఎవలకియ్యాలె మేడం?’

అప్పటికే ఇద్దరికి ఇయ్యబోయిందట. ఇన్‌స్పెక్టరు ఇల్లు వెతుక్కుంటూ పోయి, మెట్టు మీద నిలబడి ముడి విప్పింది. ఆయన చూసి, ‘మా ఇంట్లో గేదె లేదమ్మా’ అన్నాడు. మగడితో కలిసి పోలీసు స్టేషనుకు పోతే, ఎస్సై తవుడు దాకా రానియ్యలేదు. ‘బిడ్డ మీదే అంటే పారేసినందుకు కేసు పెడ్త. మీది కాదంటే ఇంటికి పో’ అన్నాడు. మగడు ఆ మాటతో మగ్గం గుంటలోకి దిగి మళ్లీ పైకి రాలేదు. ఆయన్ను నేను తప్పు పట్టను. రెండు వైపులా గోడ పెట్టి నడవమంటే ఎవరు మాత్రం ఎటు నడుస్తారు?

నేను మాత్రం అదంతా నిమిషంలో తేలిపోతుందనుకున్నాను. ఊరంతా సాక్ష్యం ఉంది. ఆమె వచ్చి ‘నా బిడ్డ’ అంటుంది, కేసు సంగతి నేను పై వాళ్లతో కొట్లాడతాను, బిడ్డ ఇంటికి పోతుంది.

ఆమె వచ్చింది. పొద్దున్నే వచ్చి శిశుగృహం గేటు పక్కన, కాంపౌండు గోడ నీడలో కూర్చుంది. లోపలికి పిలిచి, సూపరింటెండెంటు ముందు నిలబెట్టాను. మా సూపరింటెండెంటు గుంటూరు వైపు మనిషి, పెద్ద బొట్టు, గొంతు ఎప్పుడూ జలుబు చేసినట్టుండేది.

‘ఏమ్మా, ఈ పాప నీ పాపేనా?’

‘కాదమ్మా.’

నేను కంగారుగా ఆమె మోచెయ్యి గిల్లాను. ‘భయపడకు, చెప్పు.’

‘కాదు మేడం. పెంట మీద దొరికిన బిడ్డ.’

సూపరింటెండెంటు నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు కోపం తెప్పిస్తుంది. అందులో వెక్కిరింపు లేదు, జాలి ఉంది.

బయటికి తీసుకొచ్చి గోడ నీడలో కూర్చోబెట్టి నేను వాదన మొదలుపెట్టాను. కాలేజీలో నా వాదనకు లెక్చరర్లు దారి మార్చుకుని నడిచేవాళ్లు. ఇక్కడ ఏడో తరగతి గడప తొక్కని మనిషి.

‘నా బిడ్డ అని ఒక్క మాట అను. ఒక్కటే మాట.’

‘అనను.’

‘నువ్వు అనకపోతె బిడ్డను అడిగెటోల్లు లేరని రాస్తరు. హైదరాబాదుల పిల్లలు లేని పెద్దోల్లు ఉన్నరు, ఇప్పటికే అడుగుతాండ్లు. తీస్కపోతరు. ఎరుకేనా?’

‘ఎరుకే.’

‘మరి?’

‘తీస్కపోతె ఏడనో ఒక దగ్గర బతుకుతది గద మేడం. నేను అంటె సస్తది.’

వాదన ఓడిపోతుంటే గొంతు పెంచే జబ్బు నాకుంది. పోయిన ఇద్దరు పిల్లలూ పది దినాలు నిండకముందే దవడలు బిగుసుకుని పోయారని అత్త చెప్పింది. అది బొడ్డు కోసిన కొడవలి వల్ల వచ్చే ధనుర్వాతమని, సూదిమందు ఉందని, ఈ బిడ్డ దవాఖానలో పుట్టిందని, ఫికర్ లేదని, చావుకు చెవులుండవని, ఎవర్ని ఏమని పిలుస్తున్నామో అది వినదని అరిచాను. గేటు దగ్గర సోడా బండి అతను కూడా వినడం మొదలుపెట్టాడు.

ఆమె అంతా విన్నది. ‘మీ సూదిమందు సంగతి నాకు తెల్వది మేడం. ఆ ఇద్దర్ని మాత్రం నా బిడ్డ, నా బిడ్డ అని నోరార పిలిచిన. అది తెలుసు.’

ఇక లోపల బిడ్డ పరిస్థితి. సీసా పెడితే తల తిప్పేది. డబ్బా పాలు తాగితే కక్కేది, లేకపోతే విరేచనం. శిశుగృహంలో పసిపిల్లలు వాడిపోవడం నేను చూశాను. ఏడుపు చిన్నదవుతూ చిన్నదవుతూ ఒకరోజు పిల్లిపిల్ల మూలిగినట్టు అవుతుంది. ఈ బిడ్డ ఏడుపు అక్కడికి వస్తోంది. గోడకు ఇవతల పాలు కారి రవికె తడుపుకుంటూ ఒక మనిషి, అవతల ఆకలికి ఏడ్చే బిడ్డ, మధ్యలో చట్టం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె రెక్క పట్టుకుని సరాసరి ఉయ్యాల దగ్గరకు తీసుకుపోయాను.

‘ఏమిటిది? ఎవరనుమతిచ్చారు?’ అని సూపరింటెండెంటు వెనకే వచ్చింది.

‘పాలిచ్చే మనిషి మేడం. దొరికింది.’

‘పాలా? ఏమ్మా, నీకు పాలెక్కడివి? నీ బిడ్డేది?’

‘నాకు బిడ్డ లేదమ్మా.’

‘బిడ్డ లేకుండా పాలా?’

‘పాలకు కూడా రసీదు అడుగుతారా మేడం?’ అన్నాను నేను.

ఈ లోపల బిడ్డ రొమ్ము అందుకుంది. గుటక పడిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది. ఆయా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. సూపరింటెండెంటు ‘రోజూ రమ్మను. పూటకు రెండుసార్లు’ అని వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె తన బిడ్డకు పరాయిదానిలా పాలిచ్చి పోయేది. ఇస్తున్నప్పుడు బిడ్డ మొహం చూసేది కాదు, కిటికీలోంచి చూసేది. వేళ్లు మాత్రం బిడ్డ వీపు మీద కండె చుట్టినట్టు తిరుగుతూనే ఉండేవి. పోయేముందు కొంగుముడి తడిమి చూసుకునేది. తవుడు ఇంకా అందులోనే ఉంది.

మన కథలో సూపరింటెండెంటును దుర్మార్గురాలిని చేస్తే నాకు పని సులువయ్యేది. చెయ్యను. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి తలుపు వేసింది. ‘చూడమ్మాయ్, ఆ తల్లి ఎవరో నాకు తెలియదనుకోకు. నాకు కళ్లున్నాయి. కానీ ఆ ఇంట్లో ఇద్దరు పోయారని నువ్వే చెప్పావు. మూడోదాన్ని కూడా అక్కడికే పంపుతానంటున్నావు. హైదరాబాదు వాళ్లు మంచివాళ్లు, ఆవిడ డాక్టరు. నీ వాదన గెలవడం కోసం పిల్లను పందెం పెట్టకు’ అంది.

ఆ మాట నాకు తగిలింది. తగిలిందని ఆమెకు చెప్పలేదు. ఇంటికి వచ్చి వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ కసిరింది. ‘కాలు నిలువదేందే నీకు? కూసుంటె కుర్చీ ఏమన్న కరుస్తాందా? తిరిగి తిరిగి బండలు అరగ్గొడ్తానవు.’

‘అరిగితె కొత్త బండలు కొనుక్కొస్త తియ్యి.’

‘ఆ, నీ జీతానికి!’

నిజానికి భయమేసింది. బిడ్డను ఆ ఇంటికి పంపాక ఏదన్నా అయితే? హైదరాబాదు పంపాక ఈమె గేటు దగ్గరే కూర్చుంటే? ఒక దానికి జవాబు వెతికితే ఇంకోటి లేచేది. మర్నాడు బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి, ఇంకో చేత్తో చట్టం పుస్తకం తిప్పుతూ పోతుంటే ఒక ముక్క కంటపడింది. చదివిందే, కొత్తది కాదు. దిక్కులేని పిల్లను కోర్టు, సాకడానికి తగిన మనిషికి అప్పగించవచ్చు. శాఖ వచ్చి చూసిపోతుండాలి. తగిన మనిషి అంటే బంధువే కానక్కర్లేదు. ఎవరైనా.

హనుమకొండ చౌరస్తాలో దిగవలసినదాన్ని, దిగడం మరిచి ముందుకు పోయి, వెనక్కి నడిచి వచ్చాను.

‘తల్లి కాదని ఆమే అంటోంది’ అన్నాను సూపరింటెండెంటుతో, ఇంకా ఆయాసపడుతూనే. ‘సరే, కాదు. తల్లి అని నేనెక్కడా రాయను. తల్లి కాదు కాబట్టి పారేసిన కేసూ లేదు. దొరికిన బిడ్డ, సాకడానికి ఒక మనిషి అడుగుతోంది. అంతే.’

‘ఆమెకేం అర్హత ఉందమ్మాయ్?’

‘బిడ్డ ఆమె దగ్గర తప్ప తాగదు. వేరే అర్హత మీకు తెలిస్తే చెప్పండి.’

‘కోర్టుకు రెండూ పెడతాను. డాక్టరమ్మదీ, నీదీ. ఆయన ఎటంటే అటు’ అంది. అది న్యాయమే.

కాశిబుగ్గ పోయి చెప్పాను. ఆమె చేతిలో కండె కింద పెట్టింది. ‘అంటె, సర్కారు నాకు ఇస్తదా?’

‘ఇయ్యమని అడుగుదాం.’

‘నా బిడ్డ అనకుంటనే?’

‘అనకుంటనే.’

‘తవుడు తీస్కుంటదా?’

దానికి చట్టంలో ముక్క లేదు. ‘చూద్దాం’ అన్నాను.

కోర్టు రోజు బిడ్డను నేనే ఎత్తుకుని పోయాను. వెనక బెంచీలో హైదరాబాదు దంపతులు కూర్చున్నారు. డాక్టరమ్మ చేతిలో చిన్న ఊలు టోపీ ఉంది, తనే అల్లిందట. వరంగల్ ఎండల్లో ఊలు టోపీ. నాకు నవ్వు రావలసింది, రాలేదు.

మేజిస్ట్రేటు బట్టతల పెద్దమనిషి. సూపరింటెండెంటు చెప్పింది విన్నాడు, నేను చెప్పింది విన్నాడు. నేను ఎక్కువ చెప్పినట్టున్నాను. రెండుసార్లు ‘చాలమ్మా’ అన్నాడు. తర్వాత ఆమెను పిలిచాడు.

‘ఈ బిడ్డ నీదేనా?’

‘కాదు సారూ.’

‘మరి నీకెందుకు?’

‘పెంట మీద దొరికిన బిడ్డను ఎవలు ఎత్తుకుంటె వాల్లదే గద సారూ. సర్కారు ఎత్తుకున్నది, సర్కారు బిడ్డ. సర్కారు ఇస్తె కొనుక్కొని సాదుకుంట.’

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ముందుకు వచ్చి, కొంగుముడి పంటితో విప్పి, తవుడంతా బల్ల మీద పోసింది. ఇన్ని వారాలు చెమటకు, పాలకు తడిసి ఉండలు కట్టిన తవుడు. పేష్కారు కాగితాలు పక్కకు లాక్కుని, ‘ఏందిది? కోర్టా, కల్లమా?’ అని కసిరాడు. ఈసారి అందరూ బాహాటంగా నవ్వారు.

మేజిస్ట్రేటు నవ్వలేదు. ఆయన ఏ ఊరివాడో, ఆయన ఇంట్లో ఎవరు ఎట్లా దొరికారో నాకు తెలియదు. తవుడు వైపు చూసి నా వైపు చూశాడు.

‘బిడ్డ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?’

‘నా చేతిలో సార్.’

‘అయితే తవుడు నీకే చెందుతుంది. బల్ల పాడవకముందు తీసుకో. తీసుకుని బిడ్డను ఇవ్వు. సంరక్షణకు అప్పగిస్తున్నాం. శాఖ తరఫున నువ్వే పోయి చూసి రావాలి.’

బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తవుడు నా రుమాల్లోకి ఊడ్చుకున్నాను. తర్వాత బిడ్డను ఇచ్చాను. ఆమె ముద్దు పెట్టుకోలేదు, గుండెకు హత్తుకోలేదు, కథలో చెప్పినట్టు భోరుమనలేదు. బజారులో వస్తువు బేరం చేసినదానిలా అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఎవలదో గాని, మంచిగున్నది’ అంది. వేళ్లు మాత్రం అప్పటికే బిడ్డ వీపు మీద కండె చుడుతున్నాయి.

వెనక బెంచీ ఖాళీ అయింది. ఊలు టోపీ బెంచీ మీదే ఉండిపోయింది. డాక్టరమ్మకు నేను చెప్పవలసిన మాట ఏదో ఒకటి ఉండాలి. అదేమిటో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

మీరు విన్న కథ ఇక్కడ అయిపోతుంది. టీ వస్తుంది. నాకు మాత్రం అక్కడే మొదలైంది, ఎందుకంటే చూసిరావలసింది నేను. పోయినప్పుడల్లా అడగాలి: పిల్ల ఎట్లా ఉంది? ఆమె అడిగి తెచ్చుకున్న గిన్నెను తోమి చూపించినట్టు పిల్లను తెచ్చి నా ముందు నిలబెట్టేది. ‘మీ బిడ్డ మంచిగున్నది మేడం. దగ్గు తగ్గింది. అన్నం తింటాంది.’ మీ బిడ్డ! మొదట్లో నవ్వుకునేదాన్ని. పిల్లకు పండ్లు వచ్చాయి, నడక వచ్చింది, చావు రాలేదు. వాడకట్టులో కొన్ని ఇండ్లలో కరెంటు మగ్గాలు వచ్చాయి, చప్పుడు మారింది. రిక్షాలతో పాటు ఆటోలు వచ్చాయి. నేను వేరే చోట్లకు బదిలీ అయి, తిరిగి వచ్చాను. కోర్టు చూసి రమ్మన్న గడువు ఎప్పుడో తీరింది. అయినా పోతూనే ఉన్నాను.

తర్వాత ఆ ఇంట్లో ఒక కొడుకు పుట్టాడు. వాణ్ని పెంట మీద పెట్టలేదు. ఒక బిడ్డ నిలబడింది కాబట్టి గండం గడిచిందన్నారు. వాణ్ని ఆమె అందరి ముందూ ‘నా కొడుకు, నా బంగారం’ అనేది. పెద్దదాన్ని ‘ఓ పిల్లా’ అనేది. నాకు మొట్టమొదటిసారి నవ్వు ఆగిపోయింది అప్పుడే.

నిరుడు ఎండాకాలం పోయినప్పుడు పిల్ల గడపలోనే నన్ను ఆపింది. ఇప్పుడు పెద్దబడిలో చదువుతోంది. తల్లి మొహమే, నా నోరు. బడికి మా శాఖ నుంచి ఎవరో కొత్తామె వచ్చి ఉపన్యాసం ఇచ్చిందట. ఆడపిల్లలను కాపాడాలి అని చెప్తూ, ఆ కథ చెప్పిందట. పేరు చెప్పలేదట. కాశిబుగ్గలో పేరు చెప్పాలా? బడి బడంతా తిరిగి ఈ పిల్ల వైపు చూసింది.

‘మేడం, ఆడపిల్లనని పారేసిండ్రా నన్ను?’

‘లేదు’ అన్నాను. గడప మీదే కూర్చుని మొత్తం చెప్పాను, చాట, నల్లా, రిక్షా, తవుడు. దాచడానికి అందులో ఏముంది?

పిల్ల అంతా విని తల అడ్డంగా ఊపింది. ‘గిదంత నాకు ఎరుకే. మా నాయినమ్మ చెప్పింది. మా క్లాసుల ఇంకిద్దరు పెంట మీద దొరికినోల్లు ఉన్నరు. ఆల్ల అమ్మలు ఊర్ల ముందట గట్ల అంటరు, ఇంట్ల నా బిడ్డ అనే అంటరు. మా అమ్మ ఇంట్ల గూడ అనదు. కోర్టుల గూడ కాదన్నది. ఉత్తుత్తదయితె కోర్టుల ఎందుకంటది?’

‘నిన్ను బతికించుకోనీకె అన్నది. నేను అక్కడ్నే ఉన్న గద. నేను చెప్తాన.’

‘మీరు చెప్తె ఏమైతది మేడం? ఆమె చెప్పాలె. ఆమెను అనుమనుండ్రి. ఒక్కసారి.’

నేను ఒకప్పుడు గోడ నీడలో కూర్చుని బతిమాలిన మాటే. అదే ఒక్క మాట.

లోపల రాట్నం తిరుగుతోంది. ఆమె అంతా విన్నదని నాకు తెలుసు, చప్పుడులో ఎక్కడో ఒక దగ్గర కండె ఆగి మళ్లీ నడిచింది. పోయి ఎదురుగా నిలబడ్డాను. ‘ఇన్నవు గద. ఇద్దరు పోయిన వయసు దాటిపోయి పదేండ్లకు పైనే అయింది. దానికి ఏమీ కాదు. ఇప్పుడు నువ్వు అనకపోతేనే దానికి ఏదన్న అయితది. దాని మొహం చూడు.’

ఆమె పిల్ల వైపు చూసింది. ఆమె అంత సూటిగా చూడటం నేను చూసింది అదే మొదటిసారి. పెదవులు విచ్చుకున్నాయి. పిల్ల గడప దాటి ఒక అడుగు లోపలికి వేసింది. అప్పుడు దూరంగా ఎవరింట్లోనో పసిబిడ్డ ఏడ్చింది. ఆమె చెయ్యి కొంగు చివరికి పోయింది, ఇప్పుడు లేని ముడిని వెతుక్కుంది.

‘జర ఆగుదాం మేడం’ అంది.

మా అమ్మమ్మ పోయిననాడు మా పెద్దమామ పాడె మోశాడు. ముసలితనంలో ఆయనకు చెవుడు. ఆమె ఆఖరి మాట ఏమిటని అందరినీ అడిగాడు. మంచినీళ్లు అడిగిందని చెప్పాం. ‘ఎవర్ని అడిగింది?’ అన్నాడు. ‘ఓ పిల్లగా అన్నది’ అని అమ్మ గట్టిగా చెప్పింది. ఆయన తల ఊపాడు. అంతకు మించి ఏమీ అడగలేదు. ఆయన అడగలేదు కానీ, ఈ పిల్ల అడుగుతోంది. తల్లి ఆగుదామంటే మా శాఖ కథ ఆగదు, బడి ఆగదు, పిల్ల పెరగడం ఆగదు. మొన్న టీ తాగుతున్న ఆ కొత్తవాళ్లలో ఎవరో రేపు ఇంకో బడిలో ఇదే చెప్తారు.

అందుకే కాశిబుగ్గ పోయినప్పుడల్లా రాట్నం పక్కన నిలబడి ఆమెను ఒకటే అడుగుతున్నాను. ఆమె కండె మారుస్తుంది, దారం వెతుక్కుంటుంది, టీ పెట్టనా అంటుంది. ఎప్పటిదాకా ఆగాలె?